నిమిషానికి నలభై ఐదు

నేను ఒక స్టాప్‌వాచీని. ఈ మాట గర్వంగా చెప్పుకునే రోజులు దాటిపోయాయి. ప్రస్తుతం కొండల అంచున ఉన్న ఒక మండల విద్యా కార్యాలయంలో, ఇనప బీరువా అడుగు అరలో, ఎండిపోయిన స్టాంపు ప్యాడ్ల మధ్య పడి ఉన్నాను. ఎవరూ నాకు కీ ఇవ్వడం లేదు. ఇవ్వకపోవడమే మంచిది. నా సంగతి విన్నాక మీరూ అదే అంటారు. క్షమించమని అడగడం లేదు, అడిగే మొహం నాకు లేదు. ఉన్నదల్లా అంకెలు రాసిన ఒక గుండ్రటి మొహం, దాని మీద తిరిగే ఒక సన్నటి ముల్లు.

నన్ను చేసినచోట పుట్టిన నాలుగో రోజునే పరీక్ష పెట్టారు. గోడకున్న పెద్ద గడియారం పక్కన పెట్టి ఒక పూటంతా నడిపించారు. ఆ పూటకు నేను మూడు సెకన్లు వెనకబడ్డాను. చెత్తబుట్టలో వేస్తారనుకున్నాను కానీ వేయలేదు. కంటికి భూతద్దం తగిలించుకున్న ఒక నడివయసు స్త్రీ నన్ను విప్పి, లోపల ఎక్కడో పట్టేస్తోందని కనిపెట్టి, ఓపిగ్గా సరిచేసి మళ్ళీ నడిపించింది. రెండోసారి నెగ్గాను. ఆ తరువాత, మొదటిసారి తప్పానన్న సంగతే మరిచిపోయాను. నెగ్గినవాళ్ళందరికీ ఉండే జబ్బే ఇది.

విశాఖపట్నంలో ఆటవస్తువులు అమ్మే ఒక కొట్లో నన్ను కొన్నది లక్షుంనాయుడు గారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మెడలో ఒక పక్క ఈల, ఇంకో పక్క నేను. ఆయన ఈలకు పిల్లలు పరిగెత్తేవారు, నా ముల్లుకు భయపడేవారు. ఆ భయం నాకు ఎంత రుచిగా ఉండేదో చెప్పలేను. వానాకాలంలో మాత్రం నా బొత్తాం బిగుసుకుపోయి, ముల్లు మధ్యలో ఆగిపోయేది. అప్పుడు మాస్టారు నన్ను చొక్కాకు తుడిచి, "వాచీకి జలుబు సేసింది, రేపు పెట్టుకుందాం పందెం" అనేవారు. పిల్లలు సంబరపడి ఇళ్ళకు పోయేవారు.

ఆ పిల్లల్లో కూర్మారావు ఒకడు. బక్కగా, పొడుగ్గా ఉండేవాడు. ఎనిమిది వందల మీటర్ల పరుగులో జిల్లా జట్టుకు వెళ్ళాల్సినవాడు అర సెకను తేడాతో ఆగిపోయాడు. ఆ అర సెకను చూపించింది నేనే. ఏడుస్తున్న కుర్రాడి ముందు మాస్టారు నన్ను పట్టుకుని, "ఒరే కూర్మా, ఈ వాచీకి నువ్వెవరో తెల్దు, నీ బాబు ఎవరో తెల్దు. కలెక్టరు కొడుకు పరిగెత్తినా ఇదే సూపిస్తాది. అంతకంటే నాయం ఏటుంటాదిరా?" అన్నారు. కూర్మారావు కళ్ళు తుడుచుకుని ఒప్పుకున్నాడు. పాపం, నిజంగానే ఒప్పుకున్నాడు. రిటైరైన రోజున మాస్టారు నన్ను అతని చేతిలోనే పెట్టారు. అప్పటికి అతను బి.ఇడి. చేసి, సీఆర్పీ అయ్యాడు. అంటే పది పన్నెండు బడుల చుట్టూ మోటారుసైకిలు మీద తిరుగుతూ, పై ఆఫీసు అడిగిన లెక్కలు పట్టుకెళ్ళే ఉద్యోగమన్నమాట.

అతని దగ్గర నాకు కొన్నేళ్ళు పనిలేదు. ఇంట్లో బల్ల సొరుగులో పడుకునేదాన్ని. ఒక ఏడాది పై ఆఫీసు నుంచి కొత్త పద్ధతి వచ్చింది. ప్రభుత్వ బడుల్లో మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలందరికీ ఒకే చదువు కొలత. ఒక కార్డు మీద చిన్న కథ ఉంటుంది. పిల్ల దాన్ని పైకి చదవాలి. నిమిషంలో నలభై ఐదు మాటలు చదివితే గీత దాటినట్టు, లేకపోతే గీత కింద ఉన్నట్టు. మొదటి బడిలో కూర్మారావు సెల్‌ఫోనుతో టైము చూశాడు. సరిగ్గా పిల్లవాడు పదో మాట దగ్గరుండగా అత్తగారి ఫోను వచ్చింది. ఆ సాయంత్రమే సొరుగులోంచి నన్ను తీసి, కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మళ్ళీ మెడకెక్కానని నేను పొంగిపోయాను.

ఈ కొలత మీద పెద్ద వాదమే జరిగింది. నెలకోసారి చుట్టుపక్కల బడుల టీచర్లంతా ఒకచోట చేరే మీటింగులో నేను కూర్మారావు మెడలో వేలాడుతూ అంతా విన్నాను. మొదట లేచింది గెడ్డవలస బడి దమయంతి టీచరు. గెడ్డవలస కొండ కింద ఉన్న తెలుగు ఊరు.

"మా పిల్లలు ఇంట్లో తిట్టుకునేదీ తెలుగే, తినేటప్పుడు అడిగేదీ తెలుగే. కొండమీద పిల్లలకి ఇంట్లో సవర భాష. తెలుగు బడికొచ్చాక నేర్చుకుంటన్నారు. ఇద్దరికీ ఒకే గీత గీసేస్తే ఎలాగండీ? వాళ్ళకి ముప్పై పెట్టండి, పాతిక పెట్టండి. ఎవరు కాదన్నారు?" అంది.

చాలామంది తల ఊపారు. ఆమె దయతో అన్న మాటే. అప్పుడు వెనక బెంచీలోంచి ఎండయ్య మాస్టారు లేచాడు. ఇంటిపేరు సవర, జాతీ సవరే. కొండ మీద జీలుగుగూడ బడిలో ఒక్కడే ఉపాధ్యాయుడు. మీటింగుల్లో ఎన్నడూ నోరు విప్పని మనిషి.

"వద్దు టీచరుగారూ, మాకు తక్కువ గీత గియ్యొద్దు. నాకూ అలాగే గీసారు. కొండోడు గదా, ఈమాత్రం చాలు అని ఏటేటా పై తరగతిలోకి తోసేసారు. తొమ్మిదో తరగతిలో ఉండగా మా అయ్యకి జొరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఏ గదిలోకెళ్ళాలో బోర్డు మీద రాసుంది. నాకు చదవడం రాలేదు. పుస్తకాల సంచీ భుజానుంది, చదవడం రాలేదు. పక్కనున్నాయన్ని అడిగితే, చదువుకునే కుర్రాడివి గదా అని నవ్వాడు. మా అయ్య కూడా నాకేసి చూసాడు. దయ చూపించినోళ్ళే నన్ను ముంచేసారండి. కింద పిల్లలకి నలభై ఐదైతే మావాళ్ళకీ నలభై ఐదే ఉండాల."

కూర్మారావు వేళ్ళు నన్ను గట్టిగా పట్టుకున్నాయి. అతనికి తన పందెం గుర్తొచ్చి ఉంటుంది. "అందరికీ ఒకటే వాచీ" అన్నాడు మెల్లగా. నేనైతే అంత మెచ్చుకోలు జన్మలో వినలేదు. ఎండయ్య అడిగింది పిల్లలకు పూర్తి చదువు చెప్పమని. మేమందరం విన్నది ఒక అంకె. ఆ తేడా ఆ రోజు నాకు తట్టలేదు. తట్టే తెలివి నాకు ఎక్కడుంది, అరవై దాటితే మళ్ళీ సున్నాకు వచ్చేదాన్ని.

మరుసటి నెలలో ఇంకో కాగితం వచ్చింది. ఏ బడిలో సగంమంది కూడా గీత దాటరో, అక్కడి పై మూడు తరగతులను దగ్గరలోని పెద్ద బడిలో కలిపేస్తారట. జీలుగుగూడకు దగ్గర బడి గెడ్డవలసదే. దగ్గరంటే నాలుగు కిలోమీటర్లు, మధ్యలో వంతెన లేని ఒక గెడ్డ. వానలు పడితే ఆ వాగు పెద్దవాళ్ళ నడుముదాకా వస్తుంది.

శ్రావణమాసపు ముసురులో మేము జీలుగుగూడ ఎక్కాం. ఒకటే గది, ముందు వరండా. వానకు పొలం పనులు లేక గూడలోని ఆడవాళ్ళంతా చంటిపిల్లల్ని ఎత్తుకుని వరండాలో చేరారు. బడి ఉంటుందో పోతుందో తేలే రోజని వాళ్ళకు తెలుసు. మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో కలిపి ఎనిమిదిమంది పిల్లలు. నలుగురు దాటితే బడి నిలుస్తుంది. ఎండయ్య కొత్త చొక్కా వేసుకున్నాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల వంచుకోవాలనిపిస్తుంది.

మొదటివాడు యాభై ఒకటి చదివాడు. ఇద్దరు తడబడి ముప్పైల్లో ఆగారు. ఇంకో ఇద్దరు దాటారు. మరో ఇద్దరు, పాపం, నన్ను చూసే భయపడి అక్షరాలు మరిచిపోయారు. ముగ్గురు దాటారు, ఒక్కరు మిగిలారు. ఆ ఒక్కరినీ ఎండయ్య కావాలనే ఆఖరుకు ఉంచుకున్నాడు. నాలుగో తరగతి సొంబారి. నూనె రాసి బిగించిన జడ, పెద్ద కళ్ళు.

"ఇది మా గూడకంతా చదివిపెట్టే పిల్ల సార్. మందుల అట్టపెట్టెలు, రేషను కాగితాలు, పనికెళ్ళినోళ్ళ దగ్గర్నించొచ్చే ఉత్తరాలు అన్నీ దీనిసేతే చదివిస్తారు" అన్నాడు ఎండయ్య. ఆ గొంతులో నిశ్చింత వినిపించింది.

కూర్మారావు కార్డు ఇచ్చి, నా బొత్తాం నొక్కాడు. సొంబారి చదివింది. "ఒక ముసలమ్మ సంతకు బయలుదేరింది." ఎక్కడా తడబాటు లేదు, ఒక్క అక్షరం జారలేదు. కథ చెబుతున్నట్టే చదివింది. నా ముల్లు ఇంకా మూడో సెకను దాటలేదు. ఈ పిల్ల నలభై ఐదేమిటి, తొంభై కొడుతుందనుకున్నాను.

అప్పుడు ఆ పిల్ల కార్డులోంచి తలెత్తింది. వరండాకేసి తిరిగి, తను చదివిన వాక్యాన్ని సవర భాషలో చెప్పింది. తాపీగా, ముసలమ్మ నడకను చేత్తో చూపిస్తూ చెప్పింది. ఆడవాళ్ళు "ఊ" కొట్టారు. అప్పుడు కార్డుకేసి తిరిగి రెండో వాక్యం చదివింది. మళ్ళీ తలెత్తింది, మళ్ళీ చెప్పింది.

ఆ గూడలో చదవడమంటే అదే. ఈ పిల్ల ఎప్పుడూ ఒక్కతే కూర్చుని తనకోసం చదువుకోలేదు. ఒక వాక్యం చదివి, ఎదురుగా ఉన్నవాళ్ళకు చెప్పి, వాళ్ళు ఊ కొట్టాకే రెండోది. మందు ఎన్ని పూటలు వేసుకోవాలో అలా చెప్పకపోతే ఏం లాభం? అన్నీ అలాగే చదివిన పిల్లకు ఇంకో రకంగా చదవడం ఉంటుందనే తెలియదు. ఎండయ్య మొహం చూశాను. అతనికీ ఈ సంగతి ముందు తట్టలేదు.

"ఆపకుండా చదువమ్మా" అన్నాడు కూర్మారావు. ఆ పిల్ల తల ఊపి, ఆపకుండానే చదివింది, ఆపకుండానే చెప్పింది.

కూర్మారావు బొటనవేలు నా బొత్తాం మీదకు వచ్చింది. "మాస్టారూ, సవరలో చెప్పేటప్పుడు వాచీ ఆపమంటారా?" అని గొంతు తగ్గించి అడిగాడు. నేను పరిగెడుతూనే ఉన్నాను. ఎండయ్య పెదవులు కదిలాయి. వరండాలో ఉన్న మనుషుల్ని చూశాడు, పిల్లను చూశాడు. "గెడ్డవలసలో ఎవరికైనా ఆపారా సార్?" అన్నాడు.

"లేదు."

"అయితే వద్దు. ఆపితే మళ్ళీ మా గీత వేరే అయిపోద్ది. అడిగింది నేనే గదా."

ఆ వేలు వెనక్కి పోయింది. వాళ్ళిద్దరి తప్పు గురించి మాట్లాడే హక్కు నాకు లేదు. నా తప్పు చెబుతాను. ఆ రోజు గాలి నిండా తేమ. నా బొత్తాంలో బిగువు మొదలైంది, ముల్లు ఒకసారి తటపటాయించింది కూడా. నేను మొరాయిస్తే చాలు, వాచీకి జలుబు చేసిందని కూర్మారావు కార్డు మూసేవాడు, ఇంకో రోజు వచ్చేవాడు. ఈలోగా ఎండయ్య ఆ పిల్లకు ఈ పరీక్ష తీరేమిటో చెప్పుకునేవాడు. ఎన్నో పందేలు అకారణంగా పాడుచేసినదాన్ని, ఆ ఒక్క పందెం పాడుచేయలేకపోయాను. ఎందుకంటే గదిలో ఉన్న పెద్దవాళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టి నన్నే చూస్తున్నారు. ఆ చూపులకు ఉబ్బిపోయాను. ఒళ్ళు విదిల్చుకుని, బిగువును తోసేసి, జన్మలో ఎప్పుడూ నడవనంత చక్కగా నడిచాను. అదీ నేను చేసిన పని.

నిమిషం అయింది. ఇరవై నాలుగు మాటలు.

"చాలమ్మా" అన్నాడు కూర్మారావు నన్ను ఆపి. సొంబారికి అర్థం కాలేదు. "ఇంకా అవలేదు సార్, గొడుగు దొరకలేదు" అంది. వరండాలోంచి ఆడవాళ్ళు కూడా ఏదో గట్టిగా అడిగారు. కథ సగంలో ఆపితే ఊరుకుంటారా? కూర్మారావు చేత్తో చదవమన్నట్టు చూపించాడు. ముసలమ్మ గొడుగు పోయిందని సంతంతా వెతుకుతుంది. వాన వస్తే అందరూ తడుస్తారు, ఆమె తడవదు. గొడుగు వేసుకునే తిరుగుతోంది మరి. సొంబారి ఆ ఆఖరి వాక్యం చదివి, ఒక్క క్షణం ఊరించి, సవరలో చెప్పింది. వరండా అంతా ఘొల్లుమంది. ఒకామె నవ్వలేక చంటిపిల్లను పక్కామెకు అందించింది. కూర్మారావు కూడా నవ్వాడు. అంతకుముందు గీత దాటిన ముగ్గురూ చదివింది ఇదే కథ. అప్పుడు ఒక్కరూ నవ్వలేదు. నేను ఆగిపోయి ఉన్నాను కాబట్టి అంతా విన్నాను.

ఫారంలో సొంబారి పేరు ఎదురుగా గడి ఒక్కటే ఉంది. అందులో ఇరవై నాలుగు అని రాశాడు. రాసి చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. తరువాత కాగితం తిప్పి, వెనక వైపు, ఈ పిల్ల అర్థం చేసుకుని చదువుతోంది, రెండు భాషల్లో చెప్పగలదు, దయచేసి గమనించగలరు అని రాశాడు. ఆఫీసులో ఆ అంకెలన్నీ కంప్యూటరుకు ఎక్కించారు. కాగితం వెనక్కి తిప్పే అవసరం ఎవరికీ రాలేదు.

దసరా సెలవుల తరువాత జీలుగుగూడ పై తరగతులు గెడ్డవలసలో కలిశాయి. ఎనిమిదిమందిలో ఇద్దరు ఆ గెడ్డ దాటలేక మానేశారు. ఆ ఇద్దరిలో ఒకడు యాభై ఒకటి చదివినవాడు. సొంబారి మాత్రం వెళ్ళింది. ఒకటి, రెండు తరగతుల పిల్లలతో ఎండయ్య కొండ మీద మిగిలాడు. కూర్మారావు ఆ దారిన వెళ్ళినప్పుడు టీ ఇచ్చేవాడు, ఆ రోజు మాట మాత్రం ఎత్తేవాడు కాదు. కూర్మారావే ఒకసారి, "నేను ఆపేయాల్సింది మాస్టారూ" అన్నాడు. "నేను ఆపమనాల్సింది సార్" అన్నాడు ఎండయ్య. ఇద్దరూ తలలు వంచుకుని గ్లాసుల్లోకి చూసుకున్నారు. నేను కూర్మారావు చొక్కా మీద వేలాడుతూ ఇంకెటు చూడాలో తెలియక టిక్కుమంటూ ఉన్నాను.

మరుసటి ఏడాది పరీక్షకు గెడ్డవలస వెళ్ళాం. దమయంతి టీచరు ఏడాదంతా పిల్లల చేత నిమిషాలు పెట్టి చదివించింది. దయతో వాదించిన మనిషే. కానీ ఆమె బడికీ గీత ఉంది కదా, ఏం చేస్తుంది? ఎండయ్య సెలవు పెట్టుకుని, తన పిల్ల చదవడం చూద్దామని కొండ దిగి వచ్చాడు. గుమ్మం పక్కన నిలబడ్డాడు.

సొంబారి ఐదో తరగతి. జడ కట్టు మారింది. కార్డు తీసుకుని, నా బొత్తాం నొక్కీ నొక్కగానే అందుకుంది. ఒక పిల్లవాడి చెప్పులు గుడి దగ్గర మారిపోయిన కథ. చుక్కల దగ్గర ఆగలేదు, తల ఎత్తలేదు. నిమిషంలో డెబ్బై రెండు మాటలు. మండలంలో అంత వేగంగా ఇంకెవరూ చదవలేదు.

"శెబాష్!" అంది దమయంతి టీచరు. ఎండయ్య కళ్ళు మెరిశాయి. కింద పిల్లలతో సమానంగా కాదు, వాళ్ళను దాటేసింది. అతను అడిగింది ఇదే కదా. కూర్మారావు గడిలో డెబ్బై రెండు వేసి, పోయిన ఏటి నవ్వులు గుర్తొచ్చి కాబోలు, "కథ బాగుందామ్మా? ఏటి జరిగింది అందులో?" అని అడిగాడు.

సొంబారి అతనికేసి చూసింది. టీచరుకేసి చూసింది. "అది కూడా అడుగుతారా సార్?" అంది. భయపడుతూ అంది.

ఎండయ్య లోపలికి వచ్చి, ఆ పిల్ల ముందు గొంతుకు కూర్చుని, సవరలో ఏదో అడిగాడు. నాకు ఆ భాష రాదు, అయినా తెలిసింది. నాకు చదివిపెట్టు, నేను వింటాను అని అడుగుతున్నాడు. అతని రెండు చేతులూ ఊ కొట్టేవాళ్ళ చేతుల్లా ఒళ్ళో ఉన్నాయి.

సొంబారి కార్డు మళ్ళీ తీసుకుంది. మొదటి వాక్యం చదివింది, ఈసారి మెల్లగానే. చుక్క దగ్గర ఆగింది. చెప్పడానికి నోరు తెరిచింది. తెరిచి, ఎండయ్య మొహంకేసి కాదు, కూర్మారావు చేతిలో ఉన్న నాకేసి చూసింది. కూర్మారావు కంగారుగా నన్ను ఆ పిల్ల ముందుకు చాచాడు. "ఆపేశానమ్మా, ఇదిగో, ఆగిపోయింది, సూడు" అన్నాడు. నా ముల్లు సున్నా మీద కదలకుండా ఉంది. ఆ పిల్ల నమ్మలేదు. నోరు మూసుకుని, గబగబా రెండో వాక్యం అందుకుంది.